ప్రార్థనకు రానంటున్న అబ్బాయికి ఏం చెప్పాలి?

అందరికీ వందనాలు. మా ఆయనకు ఉద్యోగం పోయి 8 నెలలైంది, పైగా అత్తయ్యకు పక్షవాతం. రాత్రి కుటుంబ ప్రార్థన మాత్రం మానలేదు. నిజానికి ఆ పావుగంటే నన్ను నిలబెడుతోంది. నిన్న మా 14 ఏళ్ల అబ్బాయి "దేవుడు వింటే నాన్నకు పని ఎందుకు దొరకట్లేదు?" అని లేచి వెళ్లిపోయాడు. నాకు నోట మాట రాలేదు.

విశ్వాసం తక్కువైందని సంఘంలో ఒకరన్నారు. ఆ మాట వాడితో ఎలా అనను? బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు 7 రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు, తప్పు నీదేనంటూ మాట్లాడటం మొదలెట్టాకే కదా చెడింది!

88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది. అది వాడితో కలిసి చదవొచ్చా, ఇంకా కుంగిపోతాడా? లేక 13వ కీర్తన మేలా? అందులో ఎంతకాలమని అడిగినా 6 వచనాల్లోనే పాటలోకి మళ్లుతుంది. బలవంతంగా కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. ఇలాంటి దశ దాటిన తల్లిదండ్రులుంటే, మీరేం చేశారో చెప్పండి.