తిరుపతి జిల్లా పిల్లల లెక్కలు యాడ దొరుకుతాయి? సర్వేలో మన జిల్లానే లేదు

అలిపిరి_అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) సెకండియర్. మన జిల్లాలో ఐదేళ్లలోపు పిల్లల పోషణ మీద ప్రాజెక్టు తీసుకున్నా. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదోది) జిల్లా షీట్లన్నీ వెతికినా, చిత్తూరు ఉండాది, నెల్లూరు ఉండాది, తిరుపతి మాత్రం లేనే లేదు. మా గైడ్ సారేమో రెండూ కూడి సగం చేసి రాసేయమ్మా, ఎవురు చూస్తారు అనేసినారు. వైవాలో పట్టుకుంటారేమోనని నాకు భయం. తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్, సబ్మిషన్ దగ్గరికొచ్చేసింది.

పుత్తూరు_లెక్కలు:
ఎట్లుంటుంది తల్లీ, మన జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న, సర్వే వాళ్లు ఆంధ్రాలో ఇల్లిల్లూ తిరిగింది 2019లో. సగం చేసే పని మాత్రం పెట్టుకోవద్దు. పాత చిత్తూరు నంబర్లో కుప్పం, పలమనేరు, మదనపల్లె అన్నీ కలిసుండాయి, అవి మనకి రాలేదు. నెల్లూరు నుంచి మనకొచ్చింది సూళ్లూరుపేట వైపు ముక్క, నెల్లూరు టౌను కాదు కదా. దేశం మొత్తం 707 జిల్లాల్లో దాదాపు 6.37 లక్షల ఇళ్లు చూసినారు, అంటే జిల్లాకి సుమారు 900, అందులో చిన్నపిల్లలుండే ఇళ్లు ఎన్నుంటాయి, దాన్ని మళ్లీ ముక్కలు చేస్తే ఏం మిగుల్తుంది చెప్పు.

నేనైతే రాష్ట్రం నంబరు పెట్టి, జిల్లాది ఎందుకు లేదో ఒక పేరా రాసేస్తా. వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు నాలుగో సర్వేలో 31.4 శాతం, ఐదో దాంట్లో 31.2, కదిలిందే లేదు. రక్తహీనత అయితే 58.6 నుంచి 63.2కి ఎక్కింది. నీ ప్రాజెక్టుకి అసలు విషయం అక్కడుంది.

అంగన్‌వాడీ_అక్క:
అమ్మాయ్, మేం నెలనెలా పిల్లోళ్ల బరువు, ఎత్తు చూసి పోషణ్ ట్రాకర్ అనే సర్కారు యాప్‌లో ఎక్కిస్తాం, కొత్త జిల్లా పేరుతోనే ఉంటాది. కానీ ఒక మాట, రెండేళ్లలోపు బిడ్డని పడుకోబెట్టి కొలవాల, వాడు ఏడుస్తా కాళ్లు ముడుచుకుంటాడు, మోకాలు నొక్కి పట్టుకునేదానికి ఆయా రాకపోతే ఒక సెంటీమీటరు అటో ఇటో పోతాది, దాంతో బాగుండే బిడ్డ కూడా యాప్‌లో పొట్టి అని పడిపోతాడు. వచ్చే నెల మళ్లా మామూలు. రక్తహీనత మేం చూడం, సర్వే వాళ్లయితే వేలు గుచ్చి చుక్క రక్తం తీసి మిషన్లో చూస్తారు.

పుత్తూరు_లెక్కలు:
అక్క చెప్పింది కరెక్టే, అయితే ట్రాకర్‌లో ఉండేది సెంటర్లో పేరు రాయించుకున్న పిల్లలే. ప్రైవేటు ప్లేస్కూలుకి పోయేవాళ్లు చాలావరకు అందులో ఉండరు. ఆ నంబరూ సర్వే నంబరూ పక్కపక్కన ఒకే టేబుల్లో పెట్టి తగ్గింది, పెరిగింది అని మాత్రం రాయొద్దు, వైవాలో దొరికిపోయేది అక్కడే.

అలిపిరి_అమ్మాయి:
థాంక్యూ అన్నా, థాంక్యూ అక్కా. రెండు టేబుళ్లు వేరేగా వేస్తా. అక్కా, కొలిచే రోజు మీ సెంటర్‌కి వచ్చి చూడొచ్చా? సార్‌కి మాత్రం సగం లెక్క వద్దని ఎట్ల చెప్పాల్నో అర్థం కాలేదు.

అంగన్‌వాడీ_అక్క:
రామ్మా, పొద్దున్నే రా, పదకొండు దాటితే గుడ్లు పెట్టే హడావిడి.