అప్‌డేట్: కాంపౌండ్ విల్లుతో బ్రాడ్‌హెడ్‌లు కుడికి పోవడం – తప్పు యోక్ కేబుల్‌లో ఉంది

నా కాంపౌండ్ విల్లుతో (కొనల్లో చక్రాలుండే విల్లు) 30 గజాల్లో ఫీల్డ్ పాయింట్లు (సాధనకి వాడే సన్న మొనల బాణాలు) చుక్క మీదే పడుతున్నాయి, వేట బ్రాడ్‌హెడ్‌లు (వెడల్పాటి బ్లేడ్ల మొనలవి) మాత్రం 5 అంగుళాలు కుడికి పోతున్నాయని ఆగస్టులో అడిగాను. ఇక్కడ మిషిగన్‌లో జింకల విల్లు సీజన్ అక్టోబర్ 1న మొదలు కాబట్టి టెన్షన్ పడ్డాను. ఇప్పుడు సమస్య తీరింది. అందరికీ థాంక్స్.

దారి చూపింది కాగితం పరీక్ష. ఈకల్లేని బాణాన్ని రెండు గజాల నుంచి కాగితంలోకి వదిలితే, మొన పడిన చోటు నుంచి ఎడమకి అంగుళానికి పైగా చిరిగింది. అంటే తోక ఎడమకి తిరిగి పోతోంది. ఫీల్డ్ పాయింట్లతో ఈ వంకర్ని ఈకలు సరిచేసేస్తాయి. బ్రాడ్‌హెడ్ అంచులు గాలిని పట్టేసి బాణాన్ని పక్కకి లాగేస్తాయి.

షాపులో చూస్తే పై క్యామ్ (విల్లు పై కొనలోని చక్రం) ఒరిగి ఉంది. యోక్ కేబుల్ అంటే చివర రెండు పాయలుగా చీలి ఈ క్యామ్‌కి రెండు పక్కలా బిగిసే తాడు. విల్లును ప్రెస్‌లో (విల్లును వంచి తాళ్లు వదులు చేసే యంత్రం) బిగించి, ఎడమ యోక్ పాయకి రెండు మెలికలు పెంచి, కుడి పాయకి రెండు తగ్గించారు. రెస్ట్‌ని (బాణం ఆనే ఆధారం) మళ్లీ రైజర్ (విల్లు మధ్య భాగం) నుంచి 13/16 అంగుళాలకి తెచ్చారు (నేనే జరిపి జరిపి పాడుచేశాను లెండి). కాగితంలో ఇప్పుడు ఒకటే గుండ్రటి రంధ్రం. 40 గజాల్లో రెండు రకాల బాణాలూ కలిసే పడుతున్నాయి.

గట్టి స్పైన్ (తక్కువ వంగే) బాణాలు కొనడం దండగ అయింది. ఈకలు రెస్ట్‌కి తగులుతున్నాయేమోనని పౌడర్ చల్లి చూశాను, అదీ కాదు. పట్టు బిగువు కొంత ఉందిగానీ, అసలు కారణం అది కాదు.

ప్రెస్ లేకుండా ఇంట్లో కేబుల్ మాత్రం విప్పకండి.