పసిపాప నడుము మీద నీలి మచ్చలు: నలుగు పెడితే పోతాయా?

ప్రశ్న:
నమస్కారం. మా పాప పుట్టి 18 రోజులైంది. నడుము కింద, పిరుదుల మీద అరచేయంత మేర నీలం, బూడిద రంగులు కలిసినట్టున్న మచ్చలున్నాయి. నొక్కితే ఏడవదు, వాపు కూడా లేదు. గ్రహణం నాడు నేను బయటికి వెళ్లినందువల్లే వచ్చాయని, రోజూ శనగపిండితో గట్టిగా నలుగు పెడితే పోతాయని మా అత్తయ్యగారు అంటున్నారు. కాన్పులో దెబ్బ తగిలిందేమోనని నా భయం. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు:
నవజాత శిశువుల వార్డులో చాలాకాలం నర్సుగా పనిచేశానండీ. మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి పుట్టుకతో వచ్చే నీలి మచ్చలే అనిపిస్తోంది. మన పిల్లల్లో చాలామందికి ఉంటాయి. చర్మానికి రంగునిచ్చే కణాలు కడుపులో ఉండగా పైపొరకు చేరుకోవాలి, వాటిలో కొన్ని దారిలో లోపలి పొరలోనే ఆగిపోవడం వల్ల, అంత లోతున ఉన్న నలుపు మన కంటికి నీలంగా కనిపిస్తుంది. కనుక పైన ఎంత రుద్దినా లాభం లేదు, లేత చర్మం ఒరుసుకుపోవడం తప్ప. గ్రహణానికీ వీటికీ సంబంధం లేదు, మీ తప్పు ఏమాత్రం లేదు. దెబ్బకు కమిలిన చోటు కొద్ది రోజుల్లోనే పచ్చబడి మానిపోతుంది. ఇవి మాత్రం సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లలో మెల్లగా మాసిపోతాయి. ఈ మాట అత్తయ్యగారికి డాక్టరుగారి చేతనే చెప్పించండి.

జవాబు:
ఈ మచ్చలను పాప రికార్డులో రాయించుకోండి. మేము అమెరికాలో ఉంటాం. మా బాబును డే కేర్‌లో చేర్చిన వారంలోనే, ఎవరైనా కొట్టారా అని మమ్మల్ని అడిగారు. పుట్టినప్పుడే డాక్టరు రాసిన కాగితం చూపించాక గాని వారి అనుమానం తీరలేదు.

జవాబు:
నీలి మచ్చల సంగతి సరే, ఎర్ర మచ్చలను మాత్రం గమనిస్తూ ఉండండి. మా అమ్మాయికి రెండో వారంలో కనురెప్ప మీద ఎర్రచుక్క కనిపిస్తే దోమకాటు అనుకున్నాం; నెలన్నరకల్లా అది ఉబ్బి కన్ను తెరవనివ్వలేదు. అది రక్తనాళాల గడ్డ. ఇటువంటివి మొదటి నెలల్లోనే వేగంగా పెరుగుతాయి కాబట్టి కన్ను, ముక్కు, పెదవి దగ్గర వస్తే ఆలస్యం చేయకూడదు. డాక్టర్ల పర్యవేక్షణలో ప్రొప్రానొలాల్ వాడాక తగ్గింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రేపు అత్తయ్యగారిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. పాప ముక్కు మీద ఆవగింజ కన్నా చిన్న తెల్ల చుక్కలున్నాయి, వాటిని గిల్లవచ్చా?

జవాబు:
గిల్లకండమ్మా. కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి.