వాసన పోయి అయిదు నెలలు. ఎవరికైనా తిరిగొచ్చిందా?

పటమట_పద్మ:
అక్టోబరులో జ్వరం, జలుబు. అవి తగ్గాయి, వాసన మాత్రం రాలేదు. నిన్న పప్పులోకి పోపు పెడుతూ ఫోను చూసుకుంటున్నా. ఎదురింటావిడ తలుపు బాదితే గానీ వెల్లుల్లి బొగ్గయిందని తెలీలేదు. ఉప్పు, పులుపు, కారం తెలుస్తున్నాయి. గోంగూరకీ చింతకాయకీ మాత్రం తేడా లేదు. స్కానులో ఏమీ లేదన్నారు, జింకు మాత్రలు రాశారు. పనిచేస్తాయా? పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే, సిలిండర్ లీకైతే ఎలా తెలుస్తుంది?

మిర్చియార్డు_గుమస్తా:
కారం తెలుస్తోందంటే నాలిక శుభ్రంగా ఉన్నట్టే తల్లీ. ఆరు రుచుల్లో అదే గట్టిది. 22 ఏళ్ళుగా గుంటూరు యార్డులో ఉన్నా. తేజ రకం మిర్చి టిక్కీ (బస్తా) విప్పక్కర్లేదు, వచ్చే దగ్గుని బట్టి సరుకు చెప్పేస్తా.

బయాలజీ_బాబు:
కారం అసలు రుచే కాదండీ. నాలిక మొగ్గలు పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా ఉమామి, అంటే మాంసం చారులో తగిలే కమ్మదనం. ఈ ఉమామిని 1908లో టోక్యోలో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు చారులోంచి పట్టుకున్నాడు. మిరపలోని క్యాప్సైసిన్‌ని పట్టేది టీఆర్‌పీవీ1 అనే వేడి గ్రాహకం, అంటే నరాల చివర వేడిని పసిగట్టే ప్రొటీన్. దాదాపు 43 డిగ్రీలు దాటితే మేలుకోవాల్సింది, క్యాప్సైసిన్ తగిలినా మేలుకుంటుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన పచ్చడీ మండుతుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది, 2021లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మిర్చియార్డు_గుమస్తా:
గుంటూరోళ్ళ ముందు కారం రుచి కాదంటావా! మీ ఇంట్లో ఉగాది పచ్చడి అయిదు రుచులతోనే చేస్తారా?

బయాలజీ_బాబు:
ఆరే. కాకపోతే వగరు కూడా రుచి కాదు. వగరు కాయల్లో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటే నోరు గరుకెక్కుతుంది, అంతే.

మిర్చియార్డు_గుమస్తా:
వగరూ పోయిందా! రేపు ఉప్పు కూడా లేదంటావు. నాలుగు ముక్కలు చదివినోళ్ళతో ఇదే గోల.

తాడికొండ_సుజాత:
అన్నా, బాబు చెప్పింది నిజమే. మా అమ్మ కోల్డ్‌స్టోరేజీ దగ్గర మిరప తొడిమలు తీయడానికి పోయేది. రాత్రిళ్ళు గోళ్ళ సందులు మండి నిద్ర పట్టేది కాదు. నా కళ్ళకి తగుల్తుందని ఎత్తుకునేది కూడా కాదు. చేతికి నాలిక లేదుగా, మరి మంటెందుకు? నీళ్ళతో ఎంత కడిగినా పోదు, కొబ్బరినూనె రాసి తుడిస్తే కాస్త నయం.

బయాలజీ_బాబు:
క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కరగదు, అందుకే. చిలకలు పండుమిరప హాయిగా తింటాయి చూడండి, పక్షుల గ్రాహకానికి ఆ మంట పట్టదు.

మిర్చియార్డు_గుమస్తా:
చిలకల సంగతి ఎవరడిగారయ్యా.

లబ్బీపేట_రాజు:
నాకు చెవి ఆపరేషన్ అయినప్పటి నుంచి నాలిక ఎడమ పక్క ఇనప గరిటె నాకినట్టుంది. నాలిక ముందు భాగం రుచి నరం చెవిలోంచే పోతుందట. ముందు ఒక్కరూ చెప్పలేదు. ఇంకెవరికైనా ఇలా అయిందా?

బ్రాడీపేట_పెద్దమ్మ:
పద్మా, ముక్కు గట్టిగా మూసుకుని గోంగూర పచ్చడి తిని చూశాను. పులుపు, ఉప్పు, మంట. వేలు తీయగానే గోంగూర దిగింది. గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసననే మనం రుచి అంటున్నాం. నాకు కోవిడ్‌లో పోయి మూడు నెలలకి వచ్చింది, అదీ తప్పుగా! ఫిల్టరు కాఫీ కాలిన రబ్బరు, వేగే ఉల్లిపాయ మురిక్కాలవ. మా ఆయన ఏడాది పాటు పెరట్లోకెళ్ళి కాఫీ తాగారు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం పొద్దునా సాయంత్రం ఒక్కోటీ పది సెకన్లు, ఆ వాసన తలుచుకుంటూ చూడు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో హమ్మెల్ అనే డాక్టరు పెట్టిన పద్ధతి. 12 వారాలు మానకూడదు. ముక్కులో వాసన కణాలు కొత్తవి పుడుతూనే ఉంటాయి.

పటమట_పద్మ:
థాంక్స్ పెద్దమ్మా. జింకు, సిలిండర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

సిలిండర్_శీను:
మేడం, గ్యాసుకి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటు కంపు పదార్థం కలుపుతారు. మీకదీ తెలీదు కాబట్టి అలారం పెట్టించండి. నేలకి దగ్గరగా పెట్టాలి, వంటగ్యాసు గాలికన్నా బరువు. సీలింగుకి పెడితే దండగ. పడుకునేముందు రెగ్యులేటర్ ఆపండి.

మిర్చియార్డు_గుమస్తా:
గ్యాసు వాసన కూడా వాసన కాదంటాడేమో బాబు.

పటమట_పద్మ (రెండు వారాల తర్వాత):
ఇవాళ నీలగిరి తైలం తెలిసింది! ముక్కులో చల్లగా తగిలింది!

బయాలజీ_బాబు:
అది వాసన కాదండీ. మిరప మంటని మోసే నరమే చల్లదనాన్నీ మోస్తుంది. గులాబీ తెలిస్తే అప్పుడు…

తాడికొండ_సుజాత:
బాబూ, ఈ ఒక్కసారికి ఊరుకో.

మిర్చియార్డు_గుమస్తా:
అన్నట్టు ఉగాది వచ్చేస్తోంది. పచ్చడిలోకి మిరియాలా, పచ్చిమిరపా? మా ఇంట్లో కారప్పొడే.