అప్‌డేట్: మా అమ్మాయి సోషల్ చదువు గాడిలో పడింది

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయికి చరిత్ర తేదీలు గుర్తుండట్లేదు, మ్యాప్ పాయింటింగ్ అంటేనే టెన్షన్, ఏం చేయాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. రెండూ విడివిడిగా వద్దు, మ్యాప్ మీదే చరిత్ర చెప్పమని మీలో కొందరు సలహా ఇచ్చారు. అదే పట్టుకున్నాం.

మాది తిరుపతి కాబట్టి పక్కనే ఉన్న చంద్రగిరితో మొదలుపెట్టాం. 1565లో తళ్ళికోట యుద్ధం ఓడాక విజయనగర రాజధాని హంపి నుంచి పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి మారింది. పెన్సిల్‌తో ఆ గీత గీసి, అలాగే ఆగ్నేయంగా పొడిగిస్తే మద్రాసు తగిలింది. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఆ చోటు దక్కింది ఈ విజయనగర రాజుల కాలంలోనే. ఇక ఆ తేదీలు మర్చిపోలేదు. 1782లో మైసూరు పాలకుడు హైదర్ అలీ చనిపోయింది చిత్తూరు దగ్గరి దండులో అంటే, "మన పక్కనేనా!" అని నోరెళ్ళబెట్టింది.

నదులే ఇంకా తేలలేదు. పెన్నాలో కలిసే చెయ్యేరును తీసుకెళ్ళి పాలారులో కలిపేస్తోంది.