అప్‌డేట్: మాయాబజార్‌లో మొహాలు సాగడం ఆగింది

కావలిలో మా కొత్త టీవీలో 1957 నాటి మాయాబజార్ పెడితే ఘటోత్కచుడు అడ్డంగా ఉబ్బి, కదలికలు సీరియల్‌లా జారుతున్నాయేమని పోయిన వారం అడిగాను. అన్నా, బొమ్మను తెరంతా సాగదీయడం, మోషన్ స్మూతింగ్ (టీవీయే మధ్యలో అదనపు ఫ్రేములు కలిపి కదలికను నున్నగా చేయడం) అని మీరు చెప్పిన రెండు కారణాలూ నిజమే.

ఆ సినిమా ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3. టీవీ 16:9 తెరంతా నింపితే మనుషులు మూడో వంతు వెడల్పెక్కుతారు. పిక్చర్ సైజు 'ఒరిజినల్'కి మార్చాను. పక్కన నల్లపట్టీలు ఉండాల్సిందే. జూమ్ మాత్రం వద్దు, ఎస్వీ రంగారావు కిరీటం తెగిపోతుంది.

మోషన్ స్మూతింగ్ ఆపాక సెకనుకి 24 ఫ్రేముల నడక తిరిగొచ్చింది. షార్ప్‌నెస్ బాగా తగ్గిస్తే 'లాహిరి లాహిరి' పాటలో కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ చూపిన వెన్నెల గరుకుతేలకుండా మెత్తగా పరుచుకుంది. ఎంత అందమో! సౌండ్ మూలం మోనో (ఒకే ట్రాక్) కాబట్టి, శబ్దాన్ని చుట్టూ పరిచే సరౌండ్ కూడా ఆపేశాను, మాటలు తేటపడ్డాయి.