‘మెల్లగా వదులు’ అన్నాను, అమ్మాయి వదిలేసింది: విల్లు మాటల మీద ఒక సందేహం

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, ఏడాదిగా రికర్వ్ విల్లు, అంటే కొనలు ముందుకి వంపు తిరిగిన విల్లు, నేర్చుకుంటోంది. కోచ్ ఒడియా, హిందీ కలిపి చెబుతారు, ముఖ్యమైన చోట మాత్రం ‘లెట్ డౌన్’ (లాగిన నారిని బాణం వెయ్యకుండా నెమ్మదిగా తిరిగి తేవడం) అని ఇంగ్లీషే.

పోయిన ఆదివారం ఇంటి వెనక నేనే దగ్గరుండి చేయిస్తున్నాను. బాణం పెట్టకుండా ఊరికే నారి లాగి పట్టుకోవడం. తన చేతులు వణకడం చూసి “చాలమ్మా, మెల్లగా వదులు” అన్నాను. లాగిన చేతిని నారితో పాటు నెమ్మదిగా ముందుకు తీసుకెళ్లమని నా ఉద్దేశం. తనకి వినబడింది వదిలెయ్యమని. వేళ్లు తెరిచేసింది. బాణం ఉంటే ఆ శక్తిలో ఎక్కువ భాగం బాణంతో పోయేది, లేదు కాబట్టి అంతా విల్లు మీదే పడింది. నారి కింది కొన నుంచి ఊడి తన ముంజేతికి తగిలింది, కింది లింబ్ (పట్టుకునే చోటుకి కింద వంగే భాగం) మీద సన్నని చీలిక వచ్చింది. చేయి వాచింది, కంటికి తగల్లేదు, అంతే చాలు.

అప్పట్నుంచి ఆ ‘వదులు’ మాటే తలలో తిరుగుతోంది. ‘ముడి వదులు చెయ్యి’ అంటే బిగువు తగ్గించమని, ‘చెయ్యి వదులు’ అంటే విడిచిపెట్టమని. విల్లు దగ్గర వీటిలో ఒకటి కాపాడేది, రెండోది ప్రమాదం. ఇంకో చిక్కు కూడా ఉంది. బాణం వెయ్యకుండా నారిని తిరిగి యథాస్థానానికి తేవడాన్నీ, ఆట అయ్యాక నారి ఊడదీయడాన్నీ మా ఇంట్లో ‘దించడం’ అనే అంటున్నాం. పాతకాలంలో వీటికి వేరువేరు మాటలుండేవా? తెలిసినవాళ్లు చెప్పండి.

*పర్లాకిమిడి నుంచి, తెలుగు మాస్టారు:*

బాబూ, ముందు పాప చేతికి ఐసు పెట్టారా? వాపు తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, తాత్సారం చెయ్యొద్దు.

ఇక మాట సంగతి. ‘ఎక్కుపెట్టు’ అంటే మొదట గురిపెట్టడం కాదు, వింటికి నారి ఎక్కించడం. ఇప్పుడు పత్రికల్లో తుపాకీలూ విమర్శలూ ఎక్కుపెడుతున్నారు గానీ అసలు పని నారిది. వాల్మీకి రామాయణంలో శివధనుస్సు దగ్గర రాముడు మొదట నారిని ‘ఆరోపించి’ ఆ తర్వాత విల్లు లాగుతాడు, లాగినప్పుడు అది నడిమికి విరుగుతుంది. రెండు పనులు, రెండు మాటలు. మనం నింద అనే అర్థంలో వాడుతున్న ఆరోపణ కూడా అక్కడి మాటే చూడండి.

పోతన గారి సత్యభామ పద్యంలో ‘మ్రాఁకునఁ దీఁగెఁ గూర్పంగ నేరని లేమ గుణము నే క్రియ ధనుఃకోటిఁ గూర్చె’ అని ఉంది. చెట్టుకు తీగను అల్లించడం కూడా చేతకాని పిల్ల, గుణాన్ని అంటే నారిని వింటికొనకు ఎలా కూర్చింది అని ఆశ్చర్యం. ‘కట్టె’ అనలేదు, ‘తొడిగె’ అనలేదు. కూర్చడమంటే ఒకదానిలో ఒకటి సరిగ్గా అమర్చడం. నాకు ఆ మాట మీద చాలా ప్రేమ.

ఎక్కినదానికి విరుగుడు దిగడమే కనుక ‘దించు’ని నారి ఊడదీయడానికే ఉంచుకోండి. లాగినదాన్ని తిరిగి తేవడానికి ‘సడలించు’ అనవచ్చు.

*సిరొంచ నుంచి, పిల్లలకు విలువిద్య నేర్పే వ్యక్తి:*

మాస్టారూ, మీరు చెప్పిన కూర్చడం నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, కానీ సడలించు మాత్రం వద్దండీ. రికర్వ్‌లో బాణం వెళ్లేదే వేళ్లు సడలించినప్పుడు. పిల్లకి ‘సడలించు’ అంటే మళ్లీ అదే జరుగుతుంది. ‘వెనక్కి తే’ అన్నా ప్రమాదమే, ఇంకా వెనక్కి లాగుతారు.

అన్నా, మీ దగ్గర నారి కింది కొన నుంచి ఊడింది అన్నారు కదా, అక్కడ నాకు అనుమానం. నారికి రెండు చివర్లా ఉచ్చులుంటాయి, పైది పెద్దది, కిందిది చిన్నది. నారి తీసేటప్పుడు పై ఉచ్చు లింబ్ మీదుగా కిందికి జారాలి కనుక దాన్ని పెద్దగా చేస్తారు. ఎవరైనా తలకిందులుగా తొడిగితే పెద్ద ఉచ్చు కిందికి వచ్చి వింటికొన దగ్గరి గాడిలో బిగువుగా కూర్చోదు. ఒకసారి చూడండి. నారి పొడవు కూడా చూడండి, 66 అంగుళాల విల్లుకి 62, 63 అంగుళాల నారి సరిపోతుంది. కాస్త పొడవైతే మెలికలు వేసి తగ్గించుకోవచ్చు, మరీ ఎక్కువ తేడా ఉంటే మార్చెయ్యాలి.

ఎక్కించేటప్పుడు కాళ్ల మధ్య విల్లు పెట్టి వంచొద్దు, లింబ్ మెలి తిరుగుతుంది. నారి ఎక్కించడానికి ఉండే స్ట్రింగర్ తాడు వాడండి. ఎక్కించాక రెండు ఉచ్చులూ గాడిలో కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి, తర్వాత నారిని నాలుగంగుళాలు లాగి, పట్టు విడవకుండా తిరిగి తెచ్చి, ఇంకోసారి చూడండి. ఇంట్లో వట్టి చేతి సాధనకి విల్లు కంటే రబ్బరు పట్టీ మంచిది.

బాణంతో ఉన్నప్పుడు కూడా అంతే. బాణం వెయ్యకుండా ఆగిపోవాలంటే విల్లు లక్ష్యం వైపే ఉండాలి, పక్కకి తిరగకూడదు, మూడు వేళ్లూ నారికి కొక్కెంలా ఉండాలి, రెండు చేతులూ దగ్గరికి రావాలి. నేను పిల్లలకి “పట్టు ఉంచు, ముందుకి రా” అంటాను. మొదటి మాటే ‘పట్టు’ కాబట్టి వేళ్లు తెరవరు.

*గుణుపురం నుంచి, మళ్లీ నేను:*

ఇప్పుడే వెళ్లి చూశాను అన్నా. మీరన్నట్టే పెద్ద ఉచ్చు కింద ఉంది. ఆ రోజు ఎక్కించింది నేనే. మాస్టారూ, వాపు చాలావరకు తగ్గింది. లింబ్ కొత్తది తెప్పించేదాకా రబ్బరు పట్టీతోనే చేయిస్తున్నాను. సాయంత్రం “పట్టు ఉంచు, ముందుకి రా” అని పదిసార్లు చెప్పి చేయించాను, పదకొండోసారి నేను నోరు తెరవకముందే తనే అనుకుంటూ చేతులు దగ్గరికి తెచ్చింది. వేళ్లు చివరిదాకా మూసే ఉన్నాయి.